రెండూ ఐనయా సార్?

2018 జూన్ నాలుగో తేదీ సోమవారం నాడు, చిట్యాలకూ కట్టంగూరుకూ నడుమ ఉన్న ఒక కరెంటు సెక్షన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా చార్జి తీసుకున్నాను. అప్పగింత కాగితం మీద ఉన్నవి ఇవి. 33/11 కేవీ సబ్‌స్టేషన్ ఒకటి. దాని నుంచి బయలుదేరే పదకొండు కేవీ లైన్లు, అంటే ఫీడర్లు, ఐదు. ఊళ్ళు పన్నెండు. ట్రాన్స్‌ఫార్మర్లు మూడు వందల ఎనభై ఆరు. నిచ్చెనలు మూడు, అందులో ఒకదానికి రెండు మెట్లు లేవు. రబ్బరు గ్లౌజులు నాలుగు జతలు. ఎర్త్ రాడ్లు రెండు సెట్లు. ఎల్సీ రిజిస్టరు ఒకటి, సగం నిండింది. మంజూరైన లైన్ సిబ్బంది పదకొండు మంది, ఉన్నవాళ్ళు ఆరుగురు. చివరి వరుసలో, ఆఫీసు సిమ్‌తో ఒక సెల్‌ఫోన్, చార్జరుతో సహా.

నిచ్చెనలు దగ్గరుండి లెక్కపెట్టించాను. గ్లౌజులలో గాలి ఊది చిల్లులున్నాయేమో చూశాను. ఫోన్‌ను మాత్రం పరీక్షించకుండా జేబులో వేసుకుని సంతకం చేశాను.

సెక్షన్ పేరు రాయడం లేదు. మనుషుల పేర్లు మార్చాను. మిగతాది నా డైరీలో ఉన్నది ఉన్నట్టే. నాకిప్పుడు ముప్పై నాలుగేళ్ళు. ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు కాదు. కానీ ఆ ఉద్యోగం వదిలేసి రెండేళ్ళు దాటింది, మళ్ళీ ఆ పనికి పోను. నా వరకు అది విరమణే.

కరెంటు పంపిణీలో అన్నిటికంటే కింది ఆఫీసు సెక్షన్. దానికి అధికారి ఏఈ. ఆయన పైన సబ్ డివిజన్‌కు ఏడీఈ, ఆ పైన డివిజన్‌కు డీఈ. ఏఈ కింద లైన్‌మన్లు, అసిస్టెంట్ లైన్‌మన్లు, సబ్‌స్టేషన్‌లో షిఫ్టుకు ఒక ఆపరేటరు. స్తంభం ఎక్కేది లైన్‌మన్. కరెంటు ఆపేదీ వేసేదీ ఆపరేటరు. ఏఈ పని ఈ రెండూ కాదు. ఏది పాడు కాబోతోందో ముందే చూడడం, సామాను తెప్పించడం, ఎవరు ఎక్కడికి పోవాలో నిర్ణయించడం. నేను చేయాల్సింది అది.

ఎల్సీ గురించి కూడా చెప్పాలి. పూర్తి పేరు లైన్ క్లియర్. లైన్ మీద చేయి పెట్టే ముందు ఆ లైన్‌లో కరెంటు లేదని ఒకరు పూచీ పడాలి. పని చేయబోయే లైన్‌మన్ ఆపరేటరును ఎల్సీ అడుగుతాడు. ఆపరేటరు ఆ ఫీడరుకు కరెంటు ఆపే బ్రేకరు తీసి, స్విచ్‌కు తాళం వేసి, 'మనుషులు పని చేయుచున్నారు' అన్న ఎర్ర పలక తగిలించి, రిజిస్టరులో రాస్తాడు: ఎల్సీ నంబరు, ఫీడరు, తీసుకున్నవాడి పేరు, టైము. అక్కడ లైన్‌మన్ తన వంతుగా తీగలకు ఎర్త్ రాడ్లు తగిలిస్తాడు. పొరపాటున కరెంటు వచ్చినా అది మనిషి గుండా కాకుండా రాడ్ల గుండా భూమిలోకి పోతుంది. పని అయ్యాక, తీసుకున్నవాడే తన నంబరు చెప్పి ఎల్సీ వాపసు ఇవ్వాలి. ఇంకెవరు చెప్పినా చెల్లదు. ఒకే ఫీడరు మీద ఎన్ని ఎల్సీలుంటే అన్నీ వాపసు వచ్చాకే కరెంటు వేయాలి.

ఈ పద్ధతిలో ఖాళీ లేదు. ఖాళీ నేను చేశాను.

మా ప్రాంతంలో సాయం అడిగేటప్పుడు 'జర' అంటారు. జర ఇటు రా, జర పట్టుకో. కొంచెం అని అర్థం. కొంచెమే కాబట్టి కాదనడానికి మనసు రాదు. నేను చేరిన మొదటి నెలలోనే నా ఫోన్ నంబరు ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఎర్ర రంగుతో రాయించాను. మంచి పని అనుకునే రాయించాను. అప్పటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. సార్, జర మా వీధి లైట్లు చూడుండ్రి. జర మా బావమర్దికి మీటరు తొందరగా ఇప్పియ్యుండ్రి. జర ఫంక్షన్ ఉంది, సాయంత్రం దాకా కట్ చేయొద్దని చెప్పుండ్రి. అన్నిటికీ సరే అన్నాను. మాది మహబూబ్‌నగర్ దగ్గర చిన్న పల్లె. మా ఊరి ఏఈ ఎట్లా ఉంటాడో చిన్నప్పుడు మేమెవరం చూడలేదు. నేను అట్లా కనపడకుండా ఉండొద్దనుకున్నాను.

లైన్‌మన్లు తక్కువ, ఊళ్ళు దూరం, కొన్నిచోట్ల సిగ్నల్ అందదు. సబ్‌స్టేషన్ ఫోన్ ఎంగేజు వస్తే వాళ్ళు నాకు చేసేవాళ్ళు. సరే నేను చెప్తాలే అని ఆపరేటరుకు చేసేవాణ్ణి. నాలుగు నెలలు తిరిగేసరికి రిజిస్టరులో 'తీసుకున్నవారు' అన్న గడిలో లైన్‌మన్ల పేర్లు పోయి, వరుసగా 'ఏఈ సార్', 'ఏఈ సార్' అని పడడం మొదలైంది. నేను దాన్ని నా పనితనం అనుకున్నాను.

పగటి షిఫ్టు ఆపరేటరు ఖాజా. యాభై దాటిన మనిషి, కాంట్రాక్టు ఉద్యోగం, ముత్యాల్లాంటి చేతిరాత. ఒకరోజు రిజిస్టరు నా ముందు పెట్టి ఆ గడి మీద వేలు పెట్టాడు.

"సార్, తీస్కున్నోడే వాపస్ ఇయ్యాలె గద. మీరు స్తంభం ఎక్కుతలేరు. మీ పేరు మీద ఎట్ల రాయాలె?"

"నేను చెప్తే వాళ్ళు చెప్పినట్టే గద, ఖాజా భాయ్."

ఆయన రిజిస్టరు వెనక్కి తీసుకున్నాడు. అట్లా రాయడం మానలేదు.

అసిస్టెంట్ లైన్‌మన్ సైదులు ఇంకో రకం. ముప్పై ఒకటో, ముప్పై రెండో ఏళ్ళుంటాయి. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టాడు. స్తంభం ఎక్కేటప్పుడు మాట్లాడుతూనే ఎక్కుతాడు, దిగేటప్పుడూ అంతే. ఒక మధ్యాహ్నం నేను స్తంభం కింద నిలబడి అన్నం డబ్బా తెరిచాను. మూడు ముద్దలు తినేలోపు ఐదు ఫోన్లు. సైదులు పైనుంచి చూస్తున్నాడు.

"సార్, ఊరందరికి ఎల్సీ ఇప్పిస్తరు. మీకెవ్వలిస్తరు ఎల్సీ?"

నవ్వాను. ఆ మాట సాయంత్రం మా ఆవిడకు చెప్పి మళ్ళీ నవ్వాను. తను నవ్వలేదు. తన పేరు స్రవంతి, చిట్యాలలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. మేం కిరాయికి ఉన్న ఇల్లు తన బడి వెనకే.

"నువ్వు ఫోన్ల ఎవ్వరేమన్నా ఆఁ అంటవు. నాతోని గూడ ఆఁ అంటవు. గా ఆఁలకెల్లి ఏది విన్నవో, ఏది వినలేదో నాకెట్ల తెల్వాలె?"

"ఆఁ?" అన్నాను. ఆ సమయంలో మెసేజ్ చూస్తున్నాను.

తను లేచి లోపలికి వెళ్ళింది.

నాకు జాబితాలు రాసే అలవాటు ఉంది. ఇంజనీరింగ్ చదివేటప్పటి నుంచి, రోజుకొక పేజీ. ఎడమవైపు ఆఫీసు పనులు, కుడివైపు సొంత పనులు. కుడివైపు ఆ రోజుల్లో ఒకటే ఉండేది: ఎంటెక్. ఆదివారాలు క్లాసులుండే కోర్సులో చేరాను. రెండు సెమిస్టర్లలో హాజరైన ఆదివారాలు నాలుగు. ఎడమవైపు కూడా అన్నీ అయ్యేవి కావు. ఎవరో ఒకరు అడిగినవి ముందు అయ్యేవి. ఎవరూ అడగనివి మరుసటి పేజీకి మారేవి. ఎర్త్ రాడ్లలో ఒక సెట్టుకు బిగింపు విరిగింది. ఆగస్టు రెండున 'రాడ్ బిగింపు, స్టోర్స్‌కు ఇండెంటు' అని రాసుకున్నాను. ఇండెంటు అంటే సామాను కావాలని స్టోర్స్‌కు రాసే కాగితం, పది నిమిషాల పని. ఎర్త్ రాడ్ కోసం ఏ ఊరి నుంచీ ఎవరూ ఫోన్ చేయరు. ఆ వరుస నలభై ఒక్క రోజులు పేజీ నుంచి పేజీకి మారుతూ వచ్చింది.

నలభై రెండో పేజీ 2019 సెప్టెంబరు పన్నెండు, గురువారం.

ముందు రోజు గాలివాన పడింది. పొద్దున 5.10కి మొదటి ఫోన్. ఏడున్నరకు తినకుండా బయలుదేరాను. రెండు ఊళ్ళలో స్తంభాలు వంగాయి. తొమ్మిదికి ఏడీఈ గారు వాన నష్టం పట్టిక పన్నెండు లోపు కావాలన్నారు. సరే అన్నాను. పదింటికి వంగిన స్తంభాల దగ్గరికి ఇంకో లైన్‌మన్‌ను పంపుతూ, బాగున్న ఎర్త్ రాడ్ల సెట్టు అతని బండి మీద కట్టించాను. రెండో సెట్టు గోడకు ఆనించి ఉంది. బిగింపు లేదు.

12.05కి సైదులు ఫోన్ చేశాడు. మూడో నంబరు ఫీడరు మీద, ఊరికి దూరంగా చెలకల మధ్య, ఒక స్తంభం పైన పింగాణీ ఇన్సులేటరు పగిలింది. కొత్తది బిగించాలి.

"సార్, ఎల్సీ గావాలె. సబ్‌స్టేషన్ ఫోన్ కల్వట్లేదు. రాడ్లు గూడ లెవ్వు."

"రాడ్లు అటు పంపిన. నువ్వు చేస్కో, ఎల్సీ నేను తీస్కుంట. నేను చెప్పేదాక లైన్ రాదు."

"నీ మాట మీద ఎక్కుతున్న సార్," అని నవ్వాడు.

ఒక్కణ్ణే పంపడం నిబంధనకు విరుద్ధం. రాడ్లు లేకుండా ఎక్కించడం విరుద్ధం. ఇంకొకరి పేరు మీద ఎల్సీ తీసుకోవడం విరుద్ధం. ఈ మూడూ ఆ నిమిషంలో నాకు తెలుసు. ఖాజాకు చేశాను. 12.09కి ఆయన బ్రేకరు తీశాడు. ఎల్సీ నంబరు 214. తీసుకున్నవారు: ఏఈ సార్.

12.40కి లింగయ్య అని ఒక రైతు ఫోన్ చేశాడు. అదే ఫీడరు మీద ఆయన ట్రాన్స్‌ఫార్మరు ఉంది.

"సార్, లైన్ ఎట్లాగు బందే ఉంది గద. మా ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజు కొట్టేసింది. జర గా ఎల్సీ మాకు గూడ ఇప్పియ్యుండ్రి, రెండే నిముషాలు. వరి పొట్టకొచ్చింది సార్, నీళ్ళు లేకుంటే ఆగం ఐతది."

రైతుకు ఎల్సీ ఇవ్వడం అసలు లేదు. ఆ పనికి లైన్‌మన్ పోవాలి. లైన్‌మన్ లేడు. సరే అన్నాను. ఖాజాకు చెప్పాను. ఎల్సీ నంబరు 215. తీసుకున్నవారు: ఏఈ సార్.

రెండే నిముషాలన్నది ముప్పై నాలుగు నిమిషాలైంది. ఆ ముప్పై నాలుగు నిమిషాల్లో నేను వాన నష్టం పట్టికలో సగం నింపాను, తొమ్మిది ఫోన్లు మాట్లాడాను. పట్టికకు ఇచ్చిన పన్నెండు గంటల గడువు అప్పటికే దాటింది.

1.14కి లింగయ్య: "అయిపోయింది సార్, ఎయ్యుండ్రి."

1.16కి ఖాజాకు చేసి, లింగయ్యది అయిపోయిందట, ఎల్సీ వాపసు అన్నాను. సరిగ్గా అప్పుడు ఇంకో ఫోన్ వస్తున్నట్టు చెవిలో బీప్, బీప్ అని మొదలైంది. తెర మీద ఏడీఈ గారి పేరు. అటువైపు ఖాజా ఏదో అడిగాడు. బీపుల మధ్య నాకు మాట అందలేదు.

"ఆఁ?" అన్నాను.

ఏమన్నావు, మళ్ళీ చెప్పు అని నా అర్థం. ఆయన మళ్ళీ చెప్పేలోపు నా వేలు ఏడీఈ గారి ఫోన్ మీద పడింది.

ఖాజా అడిగింది ఇది: "రెండూ ఐనయా సార్?"

ఆయన విన్నది ఇది: "ఆఁ."

ఆ కాల్ నిడివి పదకొండు సెకన్లు.

1.18కి మూడో నంబరు ఫీడరులో కరెంటు వేశారు. వెంటనే బ్రేకరు దానంతటదే పడిపోయి కరెంటు ఆగింది. వాన తర్వాత మొదటిసారి వేసినప్పుడు చెట్టుకొమ్మలు తగిలి అట్లా పడడం మామూలే. 1.19కి ఖాజా రెండోసారి వేశాడు. అట్లా రెండోసారి వేసి చూడడం మామూలు పద్ధతే.

1.23కి తెలియని నంబరు నుంచి ఫోన్. మేకలు కాసే ఒక ముసలాయన. నా నంబరు ట్రాన్స్‌ఫార్మరు మీద ఎవరితోనో చదివించుకుని చేశాడు.

"సారూ, మీ మనిషి స్తంభం మీద బెల్టుకు ఏలాడుతుండు. పొగ లేస్తాంది. కరెంటు జర బంద్ జేయుండ్రి."

ఖాజాతో బ్రేకరు తీయించి బయలుదేరాను. నేను అక్కడికి చేరేసరికి 1.51. సైదులును కిందికి దింపి వేపచెట్టు నీడలో పడుకోబెట్టారు. స్పృహ ఉంది. కుడి చేయి మోచేతి దాకా నల్లబడింది. ఎడమకాలి చెప్పు అడుగున చిల్లు పడి అక్కడ నుంచి కూడా కాలింది. కరెంటు చేతిలో దూరి కాలి గుండా బయటికి పోయింది. నన్ను చూసి ఒకటే అడిగాడు.

"ఎవ్వలేసిండ్రు సార్?"

నేను వేయించానని చెప్పలేదు. అంబులెన్సు వస్తోంది అని చెప్పాను.

మొదట నల్గొండ దవాఖానకు, అక్కడి నుంచి హైదరాబాదుకు తీసుకుపోయారు. నాలుగో రోజు మోచేతికి కింద కుడి చేయి తీసేశారు. ఆ వారంలోనే ఎడమకాలి రెండు వేళ్ళు. దవాఖాన వరండాలో సైదులు తండ్రి గొంగడి పరుచుకుని కూర్చునేవాడు. నేను రోజూ వెళ్ళేవాణ్ణి. ఆయన నన్ను తిట్టలేదు, కూర్చోమనీ అనలేదు. ఐదో రోజు మాత్రం నా ఫోన్ మోగినప్పుడు తలెత్తి అన్నాడు: "ఎత్తు సారూ. ఇంకెవ్వలో ఉంటరు."

ఎత్తలేదు. అది మోగి మోగి ఆగింది. ఆ ఫోన్ చేతిలోకి వచ్చాక మోగుతుండగా ఎత్తకుండా ఉన్నది అదే మొదటిసారి.

విచారణకు పక్క డివిజన్ నుంచి ఒక డీఈ గారు వచ్చారు. వాంగ్మూలాలు మూడు: నాది, ఖాజాది, దవాఖానలో సైదులుది. ముసలాయన రాలేదు, మేకలు ఎవరు చూస్తారన్నాడు. ఖాజా చేతులు కట్టుకుని నిలబడి చెప్పాడు.

"రెండూ ఐనయా అని నేను అడిగిన సార్. సార్ ఆఁ అన్నరు."

నేను అన్నానని ఒప్పుకున్నాను. కానీ అది జవాబు కాదనీ, వినపడక అడిగిన మాట అనీ చెప్పాను. డీఈ గారు కలం పక్కన పెట్టారు.

"రిపోర్టుల ఆఁ అని రాస్తే పైన చదివేటోళ్ళు నవ్వుతరు. అవును అన్నవా, కాదు అన్నవా? రెండిట్ల ఒకటి చెప్పు."

"రెండూ కాదు సార్."

"మరి ఆయనకేం అర్థం గావాలె?"

డీఈ గారు మళ్ళీ కలం తీసుకున్నారు. చివరికి రిపోర్టులో 'అవునని తెలిపినారు' అని రాశారు. ఆ వాక్యం కింద నేను సంతకం చేశాను. అది నిజం కాదు. కానీ నేను అన్నది అంతకంటే మేలైన మాటేమీ కాదు.

నన్ను రెండు నెలలు సస్పెండ్ చేశారు, ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఖాజాను పనిలోంచి తీసేశారు. రెండు ఎల్సీ నంబర్లూ విడివిడిగా వాపసు తీసుకోలేదన్నది ఆయన మీద తేల్చిన తప్పు. నేను పర్మనెంటు, ఆయన కాంట్రాక్టు. తేడా అంతే. ఆయన సామాను తీసుకుపోయే రోజు సబ్‌స్టేషన్ గేటు దగ్గర కలిశాను. టిఫిన్ డబ్బా, గొడుగు, నమాజు చాప.

"నేను అడిగిన సార్," అన్నాడు. కొంచెం ఆగి మళ్ళీ, "అడిగిన గద."

ఆయన కోసం మూడు అర్జీలు పెట్టాను. మొదటి రెండింటికి జవాబు రాలేదు. మూడోదానికి ఏడు నెలల తర్వాత ఇంకో సబ్‌స్టేషన్‌లో తిరిగి పెట్టుకున్నారు. అక్కడ ఆయనది మళ్ళీ కొత్త చేరిక కింద లెక్క.

సస్పెన్షన్ కాలంలో నాకు ఫోన్ లేదు. దాన్ని తిరిగి అప్పగించమన్నారు. మొదటి వారం ఎడమ జేబు తడుముకుంటూ గడిచింది. రెండో వారం ఇంట్లో కూర్చుని పాత డైరీలు తీశాను. పదిహేను నెలల పేజీలు. ప్రతి పనికి ఎదురుగా అది ఎవరి పనో రాసుకుంటూ పోయాను: నాది, లైన్‌మన్‌ది, ఆపరేటరుది, ఎవరిదీ కాదు. మూడు సాయంత్రాలు పట్టింది. నా పని అని రాసినవాటిలో ఎక్కువ భాగం మరుసటి పేజీకి మారినవే. ఇంకొకరివన్నీ పూర్తయ్యాయి. స్రవంతి పక్కన కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఒక పేజీ తీసుకుని చూసి, "కుడి దిక్కు ఇంత జాగా ఖాళీగ ఉంచుకున్నవు గద," అంది.

డిసెంబరులో మళ్ళీ అదే సెక్షన్‌కు వేశారు. వెళ్ళిన రోజే మొదట ఇండెంటు రాశాను. రాడ్లు పదహారు రోజుల్లో వచ్చాయి. అంటే ఆగస్టు రెండున రాసి ఉంటే ఆ నెలాఖరుకు ముందే వచ్చేవి. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ల మీద నా నంబరు చెరిపించి ఫిర్యాదుల ఫోన్ నంబరు రాయించాను. ఎల్సీ ఎవరికి కావాలో వాళ్ళే అడగాలి, అందుకని సబ్‌స్టేషన్‌కు రెండో ఫోన్ పెట్టించాను. నా ఫోన్ రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా ప్రమాదమైతే తప్ప మోగదు, ఆ కబురు షిఫ్టు ఆపరేటరే ఇవ్వాలి. ఆదివారం ఎంటెక్ క్లాసు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఏడీఈ గారికి ఇచ్చాను. ఆయన చదివి, "ఇది గవర్నమెంటా, మీ ఇల్లా?" అన్నారు. కాగితం మాత్రం వెనక్కి ఇవ్వలేదు.

నా కారణంగా అందరూ సుఖపడ్డారని రాయలేను. ఏఈ ఫోన్ ఎత్తుతలేడని డీఈ గారికి రెండు ఫిర్యాదులు పోయాయి. ఒక సర్పంచు నా ఎదుటే, "చెయ్యి పోయింది సైదులుది, బలుపొచ్చింది నీకా?" అన్నాడు. జనవరిలో లింగయ్య ఎక్కడ సంపాదించాడో కానీ నా నంబరుకే చేశాడు.

"సార్, మళ్ళ ఫ్యూజు పోయింది. జర రెండే నిముషాలు ఎల్సీ."

"కాదు లింగయ్యా. లైన్‌మన్ వస్తడు, సాయంత్రమైతది."

నా నోట ఆ మాట లింగయ్య ఎప్పుడూ వినలేదు.

"ఏమైంది సార్, పాణం బాగలేదా?"

బాగానే ఉంది అని చెప్పాను. లైన్‌మన్ చేరేసరికి ఐదు దాటింది. అప్పటిదాకా ఆయన నారుమడికి నీళ్ళు పారలేదు. మరుసటి రోజు వాడిన నారు ఒక పిడికెడు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. సైదులు ప్రమాదం నాటి రెండో ఎల్సీ తనదేనన్నది ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మార్చి మొదటివారంలో సైదులు డ్యూటీలో చేరాడు. స్తంభం ఎక్కే పని ఇక లేదు కాబట్టి సెక్షన్ ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్ దగ్గర కూర్చోబెట్టాను. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటున్నాడు. మొదటి రోజు రిజిస్టరు చూపించాడు. "కోడి గీకినట్టే ఉంది సార్. ఏం జేస్తం, కోడికి గూడ రెండు కాళ్ళుంటయి గీకనీకి," అన్నాడు. ఆఫీసులో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఎవరు ఫోన్ చేసినా ఆయనది ఒకటే పద్ధతి. అటువాళ్ళు ఆఁ అంటే ఊరుకోడు. "ఆఁ అంటే ఏంది? అవునా, కాదా? నోరు దెర్చి జెప్పు," అంటాడు. కొందరు కోపం తెచ్చుకునేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఆ సాయంత్రం కొత్త పద్ధతి కాగితం ఆయనకు ఇచ్చి, ఎనిమిది నుంచి ఆరు దాకా నాకు ఫోన్ కలపవద్దని చెప్పాను. కాగితం బల్ల మీద పెట్టి, జారకుండా కుడి మొండి చేత్తో అదిమి, నెమ్మదిగా చదివాడు.

"మొత్తానికి తీస్కున్నరన్నట్టు, ఎల్సీ."

"ఆ... అవును," అన్నాను.

"ముందే తీస్కుంటే ఐపోతుండె గద సార్."

కోపంగా అనలేదు. వాన ముందే వస్తే బాగుండేది అన్నట్టు అన్నాడు. వెంటనే ఫోన్ మోగితే ఎడమ చేత్తో ఎత్తాడు.

ఆ సెక్షన్‌లో ఇంకో మూడేళ్ళు పనిచేశాను. ఎంటెక్ పూర్తి చేశాను. 2023లో రాజీనామా చేసి ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్తున్నాను. ఈ సంగతి వల్ల నేను నేర్చుకున్నది ఇంతే: అడిగిన ప్రతివాడికీ సరే అనేవాడు ఎవరికీ పూచీ పడలేడు. నా సమయాన్ని పంచి పెడుతున్నాననుకున్నాను. పంచి పెట్టింది సైదులు స్తంభం మీద ఉన్న సమయాన్ని. కాదు అన్న మాట పొద్దున 5.10కి ఒకసారి, తొమ్మిదింటికి ఒకసారి, 12.40కి ఒకసారి అని ఉంటే 1.16కి ఖాజా మాట నాకు వినపడేది.

సస్పెన్షన్ ముందు ఫోన్ అప్పగించేటప్పుడు అందులోని కాల్ జాబితాను డైరీలో రాసుకున్నాను. సెప్టెంబరు పన్నెండు, పొద్దున 5.10 నుంచి మధ్యాహ్నం 1.16 దాకా నాకు వచ్చిన ఫోన్లు యాభై ఎనిమిది. ఎత్తినవి యాభై ఎనిమిది. కాదు అని చెప్పినవి సున్నా.